పడవ అడుగున నూలుపోగు

అందరూ ఎలా ఉన్నారు? మందిరం మెట్ల మీద జారిపడిన పెద్దమ్మగారికి నడుం నొప్పి తగ్గిందా, ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నారా? పాస్టరయ్యగారి షుగర్ ఎంతలో ఉంది? అయ్యగారూ, ప్రార్థనకు వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇచ్చిన చాయంతా తాగేయకండి, వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. పాటల్లో ముందుండే అమ్మాయికి గొంతు పోయిందని విన్నాను, ఉప్పునీళ్లు పుక్కిలించమనండి, ఐస్‌క్రీమ్ ముట్టనివ్వకండి. సండేస్కూల్ టీచరుగారి బాబుకు జ్వరం దిగిందా? ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి వీచే రోజున కిటికీలు మూసుకోండి. నా సంగతి అడిగితే గుండెదడ ఎప్పటిలాగే ఉంది, మోకాళ్లూ ఎప్పటిలాగే ఉన్నాయి. మా ఇంట్లో మా తమ్ముడే లేడు.

పోయిన నెల ఒక పొద్దున, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. గ్లాసు కిందపడలేదు. నేనే వేళ్లు విడదీసి తీసుకున్నాను. సమాధి తోటకు వచ్చినవాళ్లందరికీ, రాలేక ఇంట్లోనే ప్రార్థన చేసినవాళ్లకూ వందనాలు. వందనాలు చెప్పడం అయింది. ఇక నా కోపం చెప్పుకుంటాను.

సంఘ పత్రికలో తమ్ముడి గురించి రాయమని అయ్యగారు అడిగారు. నాకు చదువు తక్కువ, ఒత్తులు సరిగా రావు. ఒత్తులు దిద్దండి అయ్యగారూ, కోపం మాత్రం దిద్దకండి.

సమాధి దగ్గర మన పెద్దాయన ఒకరు సాక్ష్యం చెప్పారు. మా తమ్ముడు శాంతపరుడట. ఎవరినీ ఒక మాట అనలేదట. ఏ తప్పూ ఎరగని చేతులట. మీరంతా తలలూపారు. ఎవరి గురించి చెప్తున్నారో అని నేను పెట్టెలోకి తొంగి చూశాను. శాంతపరుడా? పటాన్‌చెరు బస్టాండులో అతనితో గొడవ పడని కండక్టరు ఉన్నాడా? మందిరం మీద పెట్టిన కొత్త నీళ్ల ట్యాంకును రూపాయి బిళ్లతో కొట్టి చూసి, "గిది కంపెనీది కాదు, ఎవడో మీకు మంచిగ టోపీ పెట్టిండు" అని కమిటీ అందరి ముందూ అరిచింది ఎవరు? ఆ రోజు మీలో సగంమంది ముఖం తిప్పుకున్నారు. ఇప్పుడేమో శాంతపరుడయ్యాడు. పోయినవాళ్లకు పైన కొత్త రంగు వేయడం అందరూ చేసేదే. మా తమ్ముడికి వేయకండి. పైరంగు మీదే అతని కోపమంతా.

పెట్టె దించేముందు నాకు తెలియకుండానే దాన్ని వేలి కణుపుతో కొట్టాను. టేకు అని చెప్పి ఇచ్చిన పెట్టె. పైన టేకు రంగు, లోపల ప్లైవుడ్. ఆ చప్పుడు అతనికి గనక వినబడి ఉంటే లేచి ఆ దుకాణానికి పోయేవాడు.

మా తమ్ముడిది ఫైబర్ పని. గడ్డపోతారం వైపు, మందుల ఫ్యాక్టరీల వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. యాసిడ్ ట్యాంకులు, కూలర్ డొప్పలు, ఆటో టాపులు పోసేవాళ్లు. ముందు అచ్చు కావాలి. అచ్చుకు మైనం రుద్ది, రంగు పూసి, దాని మీద గాజుపీచు పరిచి, రెసిన్ అనే జిగురు పోసి రోలరుతో అదుముతారు. గట్టిపడ్డాక లాగితే వస్తువు. అచ్చు ఎలా ఉంటే వస్తువు అలా వస్తుంది. ఆ అచ్చు చేయడం మా తమ్ముడి పని, ఆ పనిలో తనంతటివాడు లేడని తనే అందరికీ చెప్పుకునేవాడు.

అతని బట్టలు వేరే బకెట్లో ఉతికేదాన్ని. గాజుపీచు నా చేతుల్లోకి దిగి రోజంతా దురద. టిఫిన్ డబ్బా ఎంత తోమినా రెసిన్ వాసనే. "మూతికి గుడ్డ కట్టుకోరా తమ్మీ" అని పొద్దున చెప్పేదాన్ని, సాయంత్రం చెప్పేదాన్ని. "గుడ్డ కట్టుకుంటే బీడీ ఎట్ల తాగాల్నే అక్కా" అని నవ్వేవాడు. ఆ రెసినే ఊపిరితిత్తుల్లో గట్టిపడిందేమోనని నాకు అనుమానం. డాక్టరు అలా కాదంటాడు. డాక్టరు ఆ డబ్బా వాసన చూడలేదు.

మైనం రుద్దడానికి మెత్తటి నూలుగుడ్డ కావాలి. కొత్త గుడ్డయితే గీతలు పడతాయట. అందుకని నా పాత చీరలు పట్టుకుపోయేవాడు. ఉతికి ఉతికి మెత్తబడిన ఆకుపచ్చ నేత చీర ఒకటి ఉండేది నాకు. ఒకరోజు నన్ను అడగకుండానే సగానికి చింపి తీసుకెళ్లాడు. ఆ సగం చీర గురించే ఇదంతా రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

చాలా ఏళ్ల కిందటి మాట. షెడ్డుకు లారీలో ఒక చిన్న పడవ వచ్చింది. ఒక్క మనిషి కూర్చుని తెరచాప పట్టుకుని నడిపేది. బయటి దేశంలో పోసిందట. మనకు దగ్గరలో సముద్రం ఎక్కడుంది అని అడిగాను. చెరువుల్లో, డ్యాముల్లో పెద్దింటి పిల్లలు నేర్చుకుంటారని చెప్పాడు. షెడ్డు సేట్ ఆ పడవను ఎవరినో అడిగి తెచ్చాడు, జల్దీ తిరిగి ఇచ్చేయాలి. అచ్చు తీసుకుని, అలాంటివే పోసి, బయటి దేశం పడవలని చెప్పి అమ్మాలని అతని ఆలోచన. మా తమ్ముడికి ఆ సంగతి తెలుసు. తెలిసే చేశాడు. తప్పెరగని చేతులన్న పెద్దాయనా, మీరు ఇది కూడా వినాలి. అంత నున్నటి వస్తువు మీద అచ్చు తీసే అవకాశం మళ్లీ రాదనుకున్నాడు. పనితనం మోజులో పడి తప్పొప్పులు ఆలోచించలేదు.

కానీ ఆ పనిలోనే అతని చెయ్యి తప్పింది. పడవ నడుమ ఒక గాడి ఉంటుంది. అందులోంచి ఒక పలకను నీళ్లలోకి దించుతారు, గాలికి పడవ పక్కకు కొట్టుకుపోకుండా. అసలు పడవను బోర్లించి, ఆ గాడి చుట్టూ మైనం రుద్దుతుంటే నా చీర చింపిన అంచు నుంచి ఒక నూలుపోగు ఊడి మైనంలో అతుక్కుపోయింది. తొందరలో చూసుకోలేదు. అచ్చు తీశాక చూస్తే అచ్చులో సన్నటి గీత పడి ఉంది. ఆ అచ్చులో పోసిన ప్రతి పడవ అడుగునా, గాడి పెదవి దగ్గర మొదలై లోపలికి తిరిగిన ఒక పోగు ఉబ్బెత్తుగా వచ్చింది. కంటికి ఆనదు. గోటికి తెలుస్తుంది. అసలు పడవకు అది లేదు.

అచ్చులో ఆ గీత పూడ్చేస్తానంటే సేట్ ఆగనివ్వలేదు. అసలు పడవ వెనక భాగంలో అంకెలు అదిమి ఉండేవి. అవీ అచ్చులోకి వచ్చాయి. "అంకెలు గీకెయ్, పైన ప్లేట్ కొడదాం" అన్నాడు సేట్. అదీ చేశాడు మా తమ్ముడు. గొడవ వచ్చింది లోపలి సంగతిలో. అసలు పడవ కడుపులో తేలే దిమ్మలు పెట్టి మూసి ఉంటాయి. పడవకు చిల్లు పడి నీళ్లు చేరినా ఆ దిమ్మలు దాన్ని మునగనివ్వవు. సేట్ పోయించినవాటిలో కడుపు ఖాళీ.

"సేట్, దిమ్మలేవి?" అని అడిగాడట.

"లోపల ఉన్నది ఎవరికి కనిపిస్తది? దండగ."

"అవి కనబడనీకె కాదు సేట్, మునగకుండ ఉండనీకె."

"మునిగేటోడు మునుగుతడు. నువ్వు మైనం రుద్దు."

రుద్దలేదు. మైనం డబ్బా తీసి సేట్ బల్ల మీద బోర్లించి వచ్చేశాడు. తనే వచ్చేశాడా, తరిమేశారా అని అడిగితే ఒక్కో పండక్కి ఒక్కో మాట చెప్పేవాడు. అచ్చు మాత్రం అక్కడే ఉండిపోయింది. అతను వచ్చేశాక దాంట్లో ఎన్ని పోశారో, అవి ఎక్కడెక్కడికి పోయాయో అతనికి తెలియదు. కొన్నాళ్లకు షెడ్డు మూతపడింది, సేట్ ఊరు మారాడు. మా తమ్ముడి నిద్ర చెడిపోయింది. వాన పడితే లేచి కూర్చునేవాడు. చెరువులు నిండుతాయి కదా.

ఆ తర్వాత ఒకసారి డ్యాము పక్కన ఒక రిసార్టులో ట్యాంకు బాగుచేయడానికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. తీసుకెళ్లడం కాదు, నేనే వెంటపడ్డాను. అప్పటికే అతనికి ఆయాసం. నోట్లో పెట్టి పీల్చే మందు పంపు జేబులో పెట్టుకోమంటే మరిచిపోయేవాడు, అందుకని పంపూ, వేడినీళ్ల ఫ్లాస్కూ సంచిలో వేసుకుని ఎక్కడికి పోయినా నేనూ పోయేదాన్ని. అక్కడ ఒడ్డున ఒక పడవ బోర్లించి ఉంది. మా తమ్ముడు దాని దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకున్నాను. నా చెయ్యి లాగి, నా వేలు పట్టుకుని గాడి దగ్గర పెట్టాడు.

"తెలుస్తుందా?"

"ఏందిరా, వెంట్రుక లెక్కున్నది."

"నీ చీరనే అక్కా."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూశాను. అతను ఏమీ చూడలేదు. నేరుగా మేనేజరు దగ్గరికి పోయి, ఇది కాపీ పడవ, దీని అచ్చు తీసింది నేనే, దీన్ని నీళ్లలోకి దించకండి అని చెప్పాడు. మేనేజరు ముందు నవ్వాడు. తర్వాత, "నువ్వే చేశావంటే నీ మీదే కేసు పెట్టాలి" అన్నాడు. తమ్ముణ్ని లాక్కొచ్చాను. దారి పొడవునా, మేం ఎక్కిన బస్సు వెనక పోలీసు జీపు వస్తుందేమోనని చూస్తూనే ఉన్నాను.

కానీ ఆ మేనేజరు భయపడ్డాడో ఏమో, ఆ పడవను మళ్లీ నీళ్లలోకి దించలేదు. తర్వాతిసారి వెళ్తే భోజనాల దగ్గర నాలుగు కాళ్ల మీద నిలబెట్టి, లోపల గిన్నెలు పెట్టి వడ్డిస్తున్నారు. మా తమ్ముడు ప్లేటు పట్టుకుని దాని ముందు నిలబడి పగలబడి నవ్వాడు. "మంచిగయింది అక్కా. ఇగ మునిగితే పప్పు మునుగుతది." ఆ రోజు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

అప్పటి నుంచి పోగు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మొదటిది కేసు భయం, అది నాది. రెండోది అతని భయం: అమ్మేవాడికి తెలిస్తే ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు రుద్ది చెరిపేస్తాడు. అందుకని పాత పడవ అమ్మకానికి ఉందని ఎవరు చెప్పినా పోయి మిగతా గుర్తులు చూసేవాడు. రూపాయి బిళ్లతో ముందు నుంచి వెనక దాకా కొట్టుకుంటూ పోయేవాడు. అసలుదైతే చప్పుడు ఒకే తీరుగా వస్తుంది, ఇది ఒకచోట డొల్లగా, ఒకచోట మందంగా మోగుతుంది. పైన డెక్కు, కింద తొట్టి అతికిన అంచు పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ పోయేవాడు. మనవాళ్లు పోసిన అంచు ఒకచోట గోరంత, ఒకచోట వేలంత. వెనక ప్లేటు చుట్టూ మెరుపు చూసేవాడు, గీకినచోట మెరుపు చచ్చి ఉంటుంది. "మెరిసేటిది సూడకు అక్కా, అంచు సూడు" అనేది అతని మాట. కూరగాయల దగ్గర, కుర్చీల దగ్గర, పెళ్లి సంబంధాల దగ్గర కూడా అదే మాట. ఒకసారి మా బంధువులింట్లో పెళ్లికొడుకు షర్టు కాలరు మడత తిప్పి చూశాడు. ఆ సంబంధం తప్పిపోయింది.

ఇప్పుడు వెలిమెల సంగతి.

వెలిమెలలో కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో ఒక ఇంటావిడ తన కూతురి కోసం ఇలాంటి పాత పడవ కొన్నారు. వాళ్లింట్లో వంట చేసే అక్క మన సంఘస్థురాలే, ఆమె చెబితే మమ్మల్ని పిలిపించారు. కార్ల మధ్య, సెల్లారులో, స్టాండు మీద పెట్టి ఉంది. కొత్త రంగు తళతళలాడుతోంది. అమ్మినాయన కూడా వచ్చాడు. డ్యాము దగ్గర పిల్లలకు పడవ నేర్పించే సారు ఆయనే.

మా తమ్ముడు బిళ్ల తీసి కొట్టడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, అది పడవ, పుచ్చకాయ కాదు" అన్నాడు ఆ సారు.

"పుచ్చకాయ అబద్ధం చెప్పది సార్."

"తాతగారూ, వెనక నంబరు ప్లేటు ఉంది కదా?" అంది ఆ తల్లి.

"ప్లేటుకేముంది తల్లీ, రెండు రివిట్లు కొడితే ఎక్కుతది, గుంజితే ఊడుతది. తిరగెయ్యుండ్రి. అడుగు సూడాలె."

"తిరగేస్తే కొత్త రంగు గీసుకుపోతుంది" అని ఆ సారు అడ్డంగా నిలబడ్డాడు. "ఏం చూడాలో చెప్పు, నేనే ఫోటో తీసి పంపిస్తా."

మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. "సూసినంక చెప్త" అన్నాడు.

"చూశారా మేడమ్? చెప్పడానికేం లేదు ఆయన దగ్గర."

మా తమ్ముడికి ఆయాసం ఎక్కువైంది. ఆయాసంలోనే అరిచాడు. "నీ పిల్లనైతే ఎక్కిస్తవా? దీని కడుపుల దిమ్మల్లేవు. నీళ్లు జొచ్చినయంటే రాయి లెక్క దిగుతది. చిన్నపిల్ల తల్లీ! గాలికి తిరగబడ్డ పిల్ల దేన్ని పట్టుకుంటది?" నేను పంపు అతని నోట్లో పెట్టి, చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను. వెనక నుంచి ఆ సారు నవ్వు వినబడింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ప్రభువు క్షమించమన్నాడు, నాకు ఇంకా చేతకావడం లేదు.

ఆటోలో కూర్చున్నాక, "అది మనదే అక్కా" అన్నాడు.

"మనదనకురా, డ్రైవర్ ఇంటున్నడు!"

"కొత్త రంగేసేటప్పుడు రుద్దినా, గాడి లోపటికి తిరిగిన పోగు పోదు. ఆడికి ఉప్పుకాగితం పట్టిన వేలు దూరది. ఒక్కసారి నా గోరు తగలాలె, గంతే."

ఆ తర్వాత ఆ పిల్ల తల్లికి ఫోన్లు చేశాడు. మొదట ఎత్తింది, తర్వాత ఎత్తడం మానేసింది. నేను మోకాలి సూదికి ఆస్పత్రికి పోయిన రోజు చూసుకుని ఒక్కడే వెలిమెల పోయాడు. గేటు దగ్గర ఆపేశారు. ఎండలో నిలబడి, కాపలావాడితో కొట్లాడి, ఎర్రటి కళ్లతో ఇంటికొచ్చాడు.

"ఇంట్ల లేరంట అక్కా" అన్నాడు. "ఇంట్ల లేరని ఇంట్లకెంచే గేటు ఫోన్ల చెప్పిర్రు."

నవ్వడానికి చూశాడు, దగ్గు వచ్చింది. ఆ తర్వాత మంచం మీద నుంచి సరిగ్గా లేవలేదు. కొద్దిరోజులకు ఆ చాయ్ గ్లాసు. అందరి మీదా కోపం వచ్చింది నాకు. ఆ సేట్ మీద, ఆ సారు మీద, గేటు మీద, చెప్పకుండా పోయినందుకు అతని మీద ఇంకా ఎక్కువ. పంపు కూడా తీసుకుపోలేదు. అది నా సంచిలోనే ఉంది.

సమాధి అయిన మర్నాడు అతని ఫోన్ మోగింది. ఇంటినిండా మీరే ఉన్నారు, అందుకని వాకిట్లోకి పోయి ఎత్తాను.

"తాతగారు ఉన్నారా అండీ? వెలిమెల నుంచి."

"ఇంట్ల లేడు" అన్నాను.

"ఎప్పుడొస్తారు?"

"సమాధుల తోట గేటు కాడికి పోయి అడుగు. ఆడ కాపలోడుంటడు."

ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు, తిట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను, మందిరానికి వచ్చే మనిషి తిట్టకూడనివి కూడా. ఆమె ఫోన్ పెట్టేయలేదు. అంతా విని, అప్పుడు చెప్పింది. ఒకరోజు పిల్లను ఒడ్డు దగ్గరే తిప్పారట. పడవ బయటికి తీసి వంచితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చిందట. ఆ సారుకు చెబితే, పాతవాటిలో అంతో ఇంతో నీళ్లు చేరడం మామూలే, కంతకు మందు పూసి పంపండి అన్నాడట. డ్యాము మధ్య దాకా పడవలు నడిపే క్యాంపు పెడుతున్నాడట. పిల్ల సంచి కూడా సర్దుకుందట.

"అసలుదైతే మందు పూస్తే సరిపోతుందట కదండీ. దిమ్మలుంటాయి కాబట్టి."

"అసలుదైతే సరిపోతది."

"కాకపోతే?"

"మా తమ్ముడు చెప్పలేదా తల్లీ? రాయి లెక్క దిగుతది."

"చూసి చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరా అమ్మమ్మగారూ?"

ఊరు మారిన ఆ సేట్‌ను వదిలేస్తే, ఇద్దరికే తెలిసిన గుర్తు అది. ఒకరు ప్లైవుడ్ పెట్టెలో ఉన్నారు. రెండోదాన్ని నేను. బస్సెక్కాలంటే గుండెదడ, మెట్లు దిగాలంటే భయం, కానీ నా వేలికి ఆ పోగు తెలుసు. రిసార్టులో పప్పు పడవగా మారకముందు ఒక్కసారి తగిలింది, చాలు. నా చీర పోగు నాకు తెలియదా?

"పిల్లను క్యాంపుకు పంపకు, నేను వస్త" అన్నాను. "ఈసారి గేటు కాడ నువ్వే నిలబడాలె."

పత్రిక చదివేవాళ్లకు పోగు సంగతి చెప్పేశానని నాకు తెలుసు. ఆ వెలిమెల పడవ ఇప్పుడు ఆ తల్లి తాళం కింద ఉంది, ఆ సారు చెయ్యి దాని మీద పడదు. మిగతావి ఎక్కడున్నాయో మా తమ్ముడికి తెలియదు, నాకూ తెలియదు. మీ ఊళ్లో, మీరు పనిచేసే ఇళ్లలో, చెరువు గట్టున ఎక్కడైనా ఇలాంటి ఒంటి మనిషి పడవ కనిపిస్తే అడుగు తడిమి చూడండి. గాడి పెదవి దగ్గర గోరు పెట్టి లోపలికి తిప్పండి. వెంట్రుకలాంటిది తగిలితే ఎవరినీ ఎక్కనివ్వకండి. గొడవ పడండి. శాంతంగా ఉండకండి. మా తమ్ముణ్ని గుర్తుపెట్టుకోవాలనుకుంటే అలా పెట్టుకోండి.

ఆకుపచ్చ చీరలో అతను చింపకుండా మిగిల్చిన సగం నా దగ్గరే ఉంది. దాన్ని పైపొరగా వేసి బొంత కుట్టాను. చివరి రోజుల్లో అతను కప్పుకున్నది అదే, ఇంకా ఉతకలేదు, బీడీ వాసన వస్తోంది. దాన్ని మడిచి సంచిలో పెట్టాను. పక్కన అతని ఇనుప రంపం కూడా పెట్టాను, పోగు తగిలితే ఆ పడవను అక్కడే కోయించడానికి. తగలకపోతే కంతకు మందు పూసుకోమని చెప్పి, పిల్లకు జాగ్రత్తలు చెప్పి, దేవునికి స్తోత్రం అనుకుని వచ్చేస్తాను.

తిరగేస్తే రంగు గీసుకుపోతుందన్నాడు కదా ఆ సారు. గీసుకుపోదు. సెల్లారు నేల మీద ఈ బొంత పరిచి, దాని మీదే ఆ పడవను బోర్లిస్తాం. ఆ తల్లితో మాట అయిపోయింది. ఈ నెల రెండో ఆదివారం, ఆరాధన కాగానే, వెలిమెలలో.